మూడో పంక్తి పాట కాదు

నాకు రాయడం వచ్చిన అక్షరాలు నాలుగే. ధ, న, కో, టి. నా పేరు అంతవరకే కాబట్టి అంతవరకే నేర్చుకున్నాను. మిగిలిన బతుకంతా నోటితోనే గడిచింది. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా మనవరాలు యామిని కంప్యూటర్లో కొడుతోంది. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే అవే తెలుగై పడతాయట. మొదలుపెట్టేముందే అడిగింది, "అవ్వా, నువ్వు కోపంగా చెప్పేదంతా కొట్టాలా, కొంచెం తగ్గించి కొట్టాలా?" అని. "కోపం తీసేస్తే ఇంక మిగిలేదానికి ఏముండాదే? ఉన్నది ఉన్నట్టు కొట్టు" అన్నాను.

పోయిన నెలలో ఒక పగటిపూట ఈ షోళింగనల్లూరు ఇంటికి ఒకాయన వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. భుజాన సంచి, చేతిలో ఆపిల్ పళ్ళు. మా తొమ్మిదో అంతస్తుకు లిఫ్టులోనే వచ్చినా ఎక్కివచ్చినవాడిలా ఆయాసపడుతూ కూర్చున్నాడు. పలానా సీరియల్ తీసిన ముదలాళి కొడుకునని చెప్పుకున్నాడు. డబ్బు పెట్టే యజమానిని ఇక్కడ ముదలాళి అంటారు. ఆ సీరియల్ పేరు నేనిక్కడ చెప్పను. ఆ ముదలాళి పేరూ చెప్పను. నా పేరు వాళ్ళ కాగితంలో లేనప్పుడు వాళ్ళ పేరు నా కాగితంలో ఎందుకు? టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో వారానికొకసారి వచ్చేది, దానికోసం వీధులు ఖాళీ అయ్యేవి, అంతమటుకు చాలు. దాని మొదట్లో వచ్చే సంగీతం మా ఆయన కట్టినది. నాలుగు వయొలిన్లు, ఒక ఫ్లూటు, తబలా. పాట లేదు, మాట లేదు. ఇప్పటికీ ఆ కాలపువాళ్ళకి రెండు క్షణాలు వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి తల తిప్పుతారు.

ఆ వచ్చినాయన నన్ను అరవంలో పాటీ, పాటీ అని, అంటే అవ్వా అని, పిలుస్తూ చెప్పిన సంగతి ఇది. ఆ సీరియల్ మళ్ళీ వస్తోంది, ఇప్పుడు ఫోన్లలో. పాత సంగీతమే వాడుకుంటారు. దానికి రాయల్టీ ఉంటుంది. అంటే ఆ సంగీతం ఎక్కడ మోగినా కట్టినవాళ్ళకి కొంత చేరుతుంది. మా ఆయన పోయారు కాబట్టి ఆయన బదులు నేను సంతకం పెట్టాలి. "అది వస్తానే ఉండాది కదా నాయనా, ఏడాదికోసారి, దీపావళి చీరకు సరిపోయేంత" అన్నాను. "ఆమా పాటీ, అది మీ సగం. ఈడ సంతకం పెడితే మీ సగం ఇంకా బాగా వస్తుంది" అన్నాడు. నేను అక్కడ ఆగాను. "సగమా? మిగతా సగం ఎవరిది?" అన్నాను. ట్యూను కట్టినవాళ్ళకి సగం, మాటలు రాసినవాళ్ళకి సగం, అది రూలు అన్నాడు. మాటలు రాసింది వాళ్ళ నాన్న అన్నాడు.

"దాంట్లో మాటలేడ ఉండాయి నాయనా? అది ఉత్త సంగీతం కదా."

"ఉండాయి పాటీ. రికార్డు చెయ్యలేదు, అంతే. పాడకపోయినా పరవాలేదు, రాసి రిజిస్టర్ చేసుంటే చాలు."

నేను చదువుకోనిదాన్నే గానీ బుర్ర తక్కువదాన్ని కాదు. ఎవరూ పాడని, ఎవరూ వినని మాటలు. ఇన్నేళ్ళుగా మా మామ వేళ్ళు పగిలేట్టు కట్టిన ట్యూనులో సగాన్ని, బీరువాలో మూసిపెట్టిన ఆ మాటలు తింటూ వచ్చాయన్నమాట. వండినవాళ్ళకి సగం కూడు, గరిటె నాది అన్నవాడికి సగం కూడు. ఇలాంటి న్యాయం నేనైతే వినలేదు. సరే, అంత గొప్ప మాటలేవో వినిపించు నాయనా అన్నాను. ఆయన సంచిలోంచి కాగితం తీసి యామినికి ఇచ్చాడు. ఆ కాగితంలో ఉన్నది చెప్పాలంటే ముందు మా తిరువొత్తియూరు ఇంటి సంగతి చెప్పాలి. లేకపోతే నా కడుపు మంట ఎవరికీ అర్థం కాదు.

మా ఆయన్ని మామ అన్నాను కదా, నిజంగానే మేనమామ. మా అమ్మకు తమ్ముడు. మా వాళ్ళు ఎప్పుడో తెల్లదొరల కాలంలో నెల్లూరు పక్కనుంచి మద్రాసుకు వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళు. మాలో మేనమామకి ఇవ్వడం మామూలే. అందువల్ల మా అమ్మమ్మే నాకు అత్తయింది. ఆమెను అవ్వా అనే పిలిచాను పోయేవరకు. ఇల్లు సముద్రానికి రెండు వీధుల ఇవతల. ఉప్పుగాలికి గోడలు ఏడాది తిరక్కుండా పెచ్చులు రాలిపోయేవి. సున్నం కొట్టిన వాసన ఆరకముందే మళ్ళీ పెచ్చు లేచేది. పొద్దున్నే ఎండుచేపల వాసన, దాని మీద ఫ్యాక్టరీ పొగ వాసన, ఆ రెంటి మధ్యలోంచి మా అవ్వ ముక్కుపొడుం వాసన. అవ్వ ఎప్పుడూ వంటింటి గడపకు ఆనుకుని కూర్చునేది. పొడుం పీల్చి కళ్ళు మూసుకుందంటే నిద్రపోయిందనుకునేదాన్ని. లోపల పప్పులో ఉప్పు తక్కువైతే మాత్రం ఆ మూసిన కళ్ళతోనే చెప్పేది.

మామ సినిమా రికార్డింగుల్లో వయొలిన్ వాయించేవాడు. పొద్దున రైలుబండెక్కి పోతే సాయంకాలం ఆరింటి బండికి దిగేవాడు. గడ్డం కింద ఎడమ పక్కన వయొలిన్ ఒత్తుకుని ఒత్తుకుని నల్లగా కాయ కాసి ఉండేది. చొక్కా విప్పితే కమాన్‌కి రుద్దే బంక వాసన. కాళ్ళు కడుక్కుని, అవ్వ పక్కన కాసేపు కూర్చుని, హార్మోనియం ముందేసుకుని ఏదో ఒకటి కట్టేవాడు. ఊళ్ళో వాళ్ళ ట్యూనులు పగలంతా వాయించి వచ్చాక, తన ట్యూను తాను కట్టుకునే వేళ అది. రెండుసార్లు వాయించేవాడు, అంతే. రాసుకునేవాడు కాదు. స్వరాలు రాయడం చేతకాక కాదు, కావాలనే రాసేవాడు కాదు. పెట్టె మూసేసి అన్నానికి లేచేవాడు.

మరుసటి పొద్దున్న అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చునేవాడు. నేను లోపల పిండి రుబ్బుతూనో, బియ్యం కడుగుతూనో ఏదో ఒకటి పాడుకునేదాన్ని. పనిలో నోరు ఊరుకోదు కదా. కాసేపటికి పేపరు మడిచిన చప్పుడయ్యేది. ఒక్కోరోజు ఆ చప్పుడు రాకుండానే మామ లేచి స్నానానికి పోయేవాడు. ఏళ్ళ తరబడి నాకు ఇందులో మతలబు తెలియలేదు. అవ్వ చెప్పింది ఒకసారి, కళ్ళు మూసుకునే. "ఏమే పిచ్చిదానా, వాడు పేపరు చదువుతాడనుకున్నావా? నిన్న వాయించింది నీ నోట్లో మిగిలిందా లేదా అని చూస్తాడు. మిగిలితే పెట్టుకుంటాడు. లేకుంటే ఊసేస్తాడు." మామను అడిగితే నవ్వాడు. "పొద్దుటికి నీ నోట్లో లేని ట్యూను ఊళ్ళోవాళ్ళ నోట్లో ఏం నిలబడతాదే కోటీ?" అన్నాడు. ఇప్పటివాళ్ళు ఫోన్లో పట్టుకుంటారు చూడండి, అలా ఆయన నాలో పట్టుకునేవాడు. టేపు రికార్డరు కొనే తాహతు లేక కాదు. ఆయన జల్లెడ నేను.

ఉత్త తననాలతో నాకు పాడటం రాదు. నోటికి మాట కావాలి. ఏ పని చేస్తుంటే ఆ పని మాటలే దాంట్లో పడేవి. చింతపండు పిసుకుతుంటే చింతపండు, కిరసనాయిలు అయిపోతే కిరసనాయిలు. అలా ఒకరోజు బియ్యం మాటలతో ఒక ట్యూను నా నోట్లో మిగిలింది. చాలా రోజులు మిగిలింది. రుబ్బురోలు తిరిగినట్టే తిరుగుతుంది అది, ఒక చుట్టు అయ్యేలోపల ఇంకో చుట్టులో పడేస్తుంది. మధ్యలో ఒకచోట మాత్రం ట్యూను ఆగిపోతుంది. నాలుగు దెబ్బలంత ఖాళీ. "ఆడ ఏమీ పాడబాకు. ఆడ ఫ్లూటు వస్తాది" అని మామ చెప్పాడు. మా ఇంట్లో ఫ్లూటు ఎక్కడిది? ఆ నాలుగు దెబ్బల్లో నేను సరోజను కేకేసేదాన్ని, చేపలమ్మికి జవాబు చెప్పేదాన్ని, పిల్లిని తరిమేదాన్ని. మళ్ళీ లెక్క తప్పకుండా వచ్చి ట్యూనులో పడేదాన్ని. సరోజ మా ఒక్కగానొక్క కూతురు, ఈ యామినికి అమ్మ. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. నేను రోలు దగ్గర ఉంటే పొయ్యి కాపలా దానిది. పుస్తకంలో ముక్కు పెట్టి పాలు పొంగబెట్టడం దాని అలవాటు.

సీరియల్‌కి ట్యూను కావాలని ముదలాళి మేనేజరు మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. గొడుగు, తెల్ల పంచె, జేబులో రెండు పెన్నులు. ఒక పొద్దున్నే దిగాడు. మామ హార్మోనియం మీద వాయించి చూపించాడు. మేనేజరు తల గోక్కున్నాడు. "బాగానే ఉండాది గానీ నాకు స్వరాలు గిరాలు తెలీవబ్బా. పురసవాక్కంలో ముదలాళి ఇంటికి పోయేలోపల మరిచిపోతా. ఆయన ముందు ఎట్టా పాడి చూపేది?" అన్నాడు. మామ వంటింటి వైపు తిరిగి, "కోటీ, ఆ బియ్యం పాట పాడవే, ఈయన రాసుకుంటాడు" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చాను. పరాయి మగవాడి ముందు పాడటమా? అవ్వ గడపలోంచి, "పాడవే, ఆయన నీ మొహం చూసేదానికి రాలేదు, మధ్యలో గోడ ఉండాదిలే" అంది. గోడ వెనక రోలు తిప్పుతూ మూడుసార్లు పాడాను. ఆయన పీట మీద కూర్చుని, నెత్తళ్ళ చేపపులుసుతో దోసెలు తింటూ, ఎడం చేత్తో నోటుపుస్తకం పట్టుకుని, చెయ్యి కడుక్కుని మరీ రాసుకున్నాడు. ఎన్ని దోసెలు తిన్నాడో అవ్వ లెక్కపెట్టింది గానీ నేను చెప్పను, పోయినవాడి తిండి లెక్క చెప్పడం పాపం.

ముదలాళికి ట్యూను నచ్చింది. రికార్డింగు అయింది. మొదటిసారి టీవీలో వచ్చే రోజు మా వీధంతా పక్కింటి రాజమ్మ ఇంట్లో కూర్చుంది, మా వీధిలో టీవీ ఆమె ఇంట్లోనే ఉండేది. నేను ఆడవాళ్ళందరి మధ్య చీర కొంగు బిగించుకుని కూర్చున్నాను. సంగీతం వచ్చింది. నాలుగు వయొలిన్ల మీద నా రోలు తిరిగింది. ఖాళీ వచ్చింది, దాంట్లో ఫ్లూటు వచ్చింది. నేను ఇంట్లో సరోజను కేకేసే చోట ఎవరో దేవుడు పిలిచినట్టు వచ్చింది ఆ ఫ్లూటు. మామ పేరు చిన్న అక్షరాల్లో వచ్చిపోయింది. రాజమ్మ ఊరుకుంటుందా? "ఏమే కోటీ, వీధంతా వినేటట్టు పాడతా ఉంటివే, నీ బియ్యం కడిగే పాట ఏడ పోయింది? టీవీవాళ్ళు పారబోసినారా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం మామను అడిగాను, "మాటలేమైనాయి మామా?" అని. ఆయన సంతోషంలో ఉన్నాడు. "మాటలు తాడే కోటీ. చేది నీళ్ళు పైకి తెచ్చినాక ఇంక తాడుతో ఏం పని?" అన్నాడు. నిజమే అనుకున్నాను. ఎన్నో ఏళ్ళు నిజమే అనుకున్నాను.

ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి వస్తాను. ముదలాళి కొడుకు ఇచ్చిన కాగితాన్ని యామిని చేతిలోకి తీసుకుంది. ఆ రోజు దానికి ఇంటి నుంచే ఆఫీసు పని. చెవుల్లో పెట్టుకునే ఫోను గుండీలు తీసి పక్కన పెట్టి కూర్చుంది. వంటింట్లో సరోజ వచ్చినాయనకు కాఫీ పెడుతోంది. మాటలు తెలుగువే గానీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. యామిని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, అర్థం పట్టించుకోకుండా, బడిపిల్ల పాఠం చదివినట్టు గట్టిగా చదివింది.

"బియ్యము కడిగిన కుడితి నీళ్ళు బర్రెకు పోద్దామా."

నేను సోఫా అంచు దాకా జరిగాను.

"ఉప్పుగాలికి పెచ్చులు రాలే గోడకి సున్నం పూద్దామా."

ముదలాళి కొడుకు తల ఆడిస్తున్నాడు, తండ్రి కవిత్వం విని మురిసిపోతున్నట్టు. యామిని మూడో పంక్తికి వచ్చింది. గొంతు ఇంకొంచెం పెంచింది.

"సరోజా, పాలు పొంగతా ఉండాయి, దించవే."

వంటింట్లోంచి మా సరోజ, యాభై దాటిన మనిషి, ఉలిక్కిపడి ఒక్క కేక పెట్టింది. "దించేసినాలేమ్మా!"

యామిని కాగితం చూసింది, వంటింటి వైపు చూసింది, నన్ను చూసింది. సరోజ ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో కాఫీ గ్లాసు పట్టుకునే బయటికొచ్చింది. "ఏమిటీ, ఎందుకట్టా చూస్తారు? దించినా కదా" అంది. నాకు నవ్వు రాలేదు. ఇవాళ తలుచుకుంటే వస్తుంది గానీ ఆ నిమిషంలో రాలేదు. ఆ మేనేజరు మూడుసార్లు విన్నాడు చూడండి, ఒకసారి ఆ ఖాళీలో నేను సరోజను కేకేశాను. గోడ అవతల కూర్చున్నవాడికి పాటేదో పిలుపేదో తెలియక, దోసె నములుతూ అది కూడా రాసుకున్నాడు. ముదలాళి అదేమిటని కూడా చూడకుండా దానికింద తన పేరు రాసుకున్నాడు. ఒక మనిషి దొంగతనం చేస్తే కనీసం ఏం దొంగిలించాడో తెరిచి చూసుకోవాలి కదా? అంత తీరిక కూడా లేదు, అంత గౌరవం కూడా లేదు.

"నాయనా, ఇవి మీ నాయన రాసినవి కావు" అన్నాను.

"లేదు పాటీ, డాక్యుమెంట్‌లో క్లియర్‌గా ఉండాది. లిరిక్స్ మా నాన్నే."

"సరే. పురసవాక్కంలో మీ ఇంటి గోడకి ఉప్పుగాలి ఏడ కొట్టింది? మీ అమ్మ బర్రెకు కుడితి ఎప్పుడు పోసింది? నాలుగో పంక్తి చదవమ్మా యామినీ."

"ఆరింటి బండి దిగొచ్చే మామకి అన్నం పెడదామా" అని చదివింది అది. ఈసారి అర్థం తెలిసే చదివింది.

"మీ నాయన కారు తప్ప బండెక్కి ఎరగడు. ఏ మామకి అన్నం పెట్టినాడు? ఆ సరోజ ఎవరు? ఇదిగో, మీకు కాఫీ తెచ్చింది చూడండి, అదే మీ నాయన రాసిన మూడో పంక్తి."

ఆయన మొహం ఎర్రబడింది. చెడ్డవాడు కాదనుకుంటాను, చదువుకున్నవాడు, సిగ్గు ఉన్నవాడు. కాఫీ గ్లాసు అందుకుని కింద పెట్టి, "అంటే... అప్పటి విషయాలు నాకు తెలీదు పాటీ. నేను చిన్నవాణ్ణి. కానీ ఇప్పుడు దీన్ని మార్చాలంటే అంతా ఆగిపోతాది. మీ ఆయన సగం కూడా ఆగిపోతాది. ఇప్పటికి సంతకం పెట్టండి, తరువాత నేను విడిగా ఏమైనా చేస్తా" అన్నాడు. పైగా, మీ ఆయన కూడా ఒప్పుకునే సంతకం పెట్టాడు కదా అంటూ ఇంకో పాత కాగితం చూపించాడు. దానికింద మామ సంతకం ఉంది. చివరి అక్షరానికి వయొలిన్ మెడలాగా ఒక వంపు పెట్టేవాడు, ఆ వంపు ఉంది.

దాన్ని చూసినప్పుడు నాకు కలిగిన కోపం ముదలాళి మీద కలిగిన కోపం కంటే పెద్దది. ఉన్నదే చెబుతున్నాను. పోయిన మొగుడి మీద కోపం చెప్పకూడదంటారు, నేను చెబుతాను. రేషన్ కొట్టులో వేలిముద్ర వెయ్యడానికి నేను సిగ్గుపడుతుంటే, పలక తెచ్చి, చెయ్యి పట్టుకుని నాలుగక్షరాలు దిద్దించినవాడు ఆయనే. "పేరు రాయడం వస్తే చాలే, ఎవరూ నిన్ను మోసం చెయ్యలేరు" అన్నవాడు ఆయనే. ఆయన ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టాడనుకోవాలా, చదివి కూడా ఇంట్లో ఆడదాని పనిపాటల మాటలే కదా అనుకున్నాడనుకోవాలా? ఇంగ్లీషు ఆయనకూ అంతంతమాత్రమే. తరువాతి సీరియల్ పోతుందేమోనని భయపడి ఉండొచ్చు, పెట్టమంటే పెట్టేవాళ్ళే అప్పుడు అందరూ. అడుగుదామంటే మనిషి లేడు. తాడుతో ఏం పని అన్నాడు గానీ, తాడుకు కూడా సగం ధర ఉందని తెలిసినవాడు తాడు చుట్టుకుని ఎత్తుకుపోయాడు. ఆ సంగతి మామకు తెలిసి ఊరుకున్నాడో, తెలియకనే పోయాడో, దీంతో నేను ఇంక మిగిలిన రోజులు వేగాలి.

ఆ కాలం మంచిదని నేను చెప్పను. సినిమావాళ్ళు పుస్తకాల్లో రాసుకుంటారు, ఆ రోజులే రోజులు అని. రోలు తిప్పి తిప్పి నా కుడి భుజం ఇప్పటికీ పైకి లేవదు. కానీ రోలు మీద పాడొచ్చు, మిక్సీ మీద పాడలేం. అప్పుడు ఏ వంటింటి పక్కగా నడిచినా లోపల ఒక గొంతు వినిపించేది. ఎవరి మాట వాళ్ళది, పొద్దున పుట్టి కుడితితో పాటు పోయేది. దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు, మేమూ లెక్కపెట్టమనలేదు. ఇప్పుడు ఈ తొమ్మిది అంతస్తుల్లో ఎవరి చెవుల్లో వాళ్ళకి పాట, బయటికి చప్పుడు లేదు. ఫోన్ మోగినా లెక్కే, ఎక్కడ ఏది వినిపించినా లెక్కే, గింజ కూడా కింద పడకుండా లెక్క. ఇంత లెక్క తెలిసిన కాలం వచ్చింది కదా, నా గొంతు ఒక్కటి ఆ లెక్కలో ఎందుకు లేదు? అప్పుడు నేను లేకపోవడం నా తెలివితక్కువ. ఇప్పుడు కూడా లేకపోతే అది వాళ్ళ తెలివి.

సరోజ నా పక్కన కూర్చుని మెల్లగా, "పెట్టేసేయమ్మా. నాన్న సగమన్నా మిగులుతుంది. ఎందుకు కోర్టూ గీర్టూ" అంది. యామిని, "వద్దవ్వా, పెట్టబాకు. దీన్ని నేను చూసుకుంటా" అంది. ముదలాళి కొడుకు పెన్ను మూత తీసి నాకు అందించాడు. "ఈడ పాటీ, మీ ఆయన పేరు పక్కన." మాటలు రాసినవాళ్ళ పేరు ఎక్కడుందే అని యామినిని అడిగాను. అది వేలు పెట్టి చూపించింది. ముదలాళి పేరు, బారుగా, నల్లగా. నేను దాని మీద అడ్డంగా ఒక గీత గీశాను. గీత వంకర పోయింది. దానిపైన, నాకు వచ్చిన నాలుగక్షరాలు, ఒక్కోటి పలక మీద దిద్దినట్టు దిద్ది పెట్టాను. ధ. న. కో. టి.

"అయ్యో పాటీ! కాగితం పాడైపోయింది. ఇది చెల్లదు."

"చెల్లకపోతే ఇంకోటి తీసుకురా నాయనా. ఎన్ని తెచ్చినా ఈడే రాస్తా. నాకు వేరే చోట రాయడం రాదు."

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. కాఫీ ఆరిపోయింది, అయినా నిలబడే తాగి, గ్లాసు తానే తీసుకుపోయి వంటింట్లో పెట్టి వెళ్ళాడు. దానికి ఆయన్ను మెచ్చుకుంటాను. నెల దాటింది, ఇంకో కాగితం రాలేదు. మామ సగమూ ఆగిపోయింది. సరోజ గిన్నెలు కాస్త గట్టిగా పెడుతోంది. యామిని ఎవరినో లాయర్ని అడిగింది, ఇంగ్లీషు కాగితాలు పంపింది. చెల్లుతుందో చెల్లదో నాకు తెలియదు.

అందుకే ఇదంతా పుస్తకంలో వెయ్యడానికి చెబుతున్నాను. ఈ కాగితమైతే నాది. బియ్యం కడిగిన కుడితి నాది, పెచ్చులు రాలిన గోడ నాది, ఆరింటి బండి దిగిన మామ, కోపమున్నా సరే, నావాడు. ఈ మూడు పంక్తులూ ధనకోటి రాసినవి అని వేసుకోండి. నాలుగు పంక్తులున్నాయి కదవ్వా, మూడోది ఎందుకు వదిలేశావు అని యామిని కొట్టడం ఆపి అడుగుతోంది. మూడోది పాట కాదే. అది నా బిడ్డను నేను పిలిచిన పిలుపు. దాంట్లో సగం ఎవరికీ లేదు.